మామిడి తోటలో మందుకు అదను

మామిడి తోటలు గల రైతులు పుష్యమాసం సమీపించేసరికి ప్రతి సంవత్సరమూ ఒక ప్రశ్న అడుగుతూ ఉంటారు. తేనెమంచు పురుగుకు మందు ఏ తేదీన కొట్టవలెను? ప్రశ్న సహజమైనదే. సంవత్సరం పొడుగునా తోట మీద పెట్టిన పెట్టుబడి, తీర్చవలసిన అప్పు, ఇంట్లో తలపెట్టిన శుభకార్యం, ఇవన్నీ మూడు నాలుగు వారాల పూత మీద ఆధారపడి ఉంటాయి. అటువంటి సమయంలో ఎవరైనా ఒక తేదీ చెప్పితే మనస్సుకు ధైర్యంగా ఉంటుంది. కాని ఆ తేదీ ఎంత పెద్ద నిపుణుడు చెప్పినదైనా సగం తోటలకు ముందు, తక్కిన సగం తోటలకు వెనుక అవుతుంది. ఒక జిల్లాలో పూత విచ్చే నాటికి మరొక జిల్లాలో మొగ్గ కదలకపోవచ్చును. ఒక్క తోటలోనే బంగినపల్లి, సువర్ణరేఖ, చిన్నరసం ఒకే రోజున పూయవు. అందువల్ల తేదీని చెట్టునే అడుగవలెను. చెట్టు ఏ దశలో ఉన్నదో చూచి పురుగుమందుకు అదను ఎట్లా నిర్ణయించుకోవచ్చునో ఈ ప్రసంగంలో మనవి చేస్తాను.

మన రైతులు వ్యవసాయపు పనులకు కార్తెలను అనుసరించడం తరతరాలుగా వస్తున్న ఆచారం. ఇరువది యేడు నక్షత్రాల పేర్లతో, ఒక్కొక్కటి రమారమి పదమూడు పదునాలుగు రోజుల చొప్పున, కార్తెలు సంవత్సరాన్ని పంచుకున్నవి. ఈ లెక్కకు ఆధారం సూర్యగమనం. అందువల్ల మృగశిర ఏటేటా ఇంచుమించు ఒకే రోజున ప్రవేశిస్తుంది. ఋతుపవనాల రాకను అనుసరించి విత్తే పైర్లకు ఈ లెక్క చాలవరకు సరిపోతుంది. మామిడిపూత సంగతి వేరు. కోత తరువాత వేసిన చిగురు ఎప్పుడు ముదిరినది, ఆశ్వయుజ కార్తిక మాసాలలో వానలు ఎప్పుడు వెనుకంజ వేసినవి, రాత్రులలో చలి ఎప్పుడు పట్టినది, ఈ మూడూ కలిసి పూత వచ్చే కాలాన్ని నిర్ణయిస్తాయి. చివరి వానలు ఆలస్యంగా కురిస్తే పూత రావలసిన కొమ్మలు మళ్ళీ చిగురు వేస్తాయి. ఇటీవలి సంవత్సరాలలో పూత వెనుకబడడమూ, ఒకే చెట్టు రెండు మూడు విడతలుగా పూయడమూ తరచుగా కనిపిస్తున్నవి. కార్తె మనలను సిద్ధంగా ఉండమని హెచ్చరించగలదు. మందు కలుపుకొనే రోజును మాత్రం కొమ్మ చివర ఉన్న మొగ్గయే చెప్పవలెను.

పురుగుకూ చెట్టు దశకూ సంబంధం ఏమిటని కొందరికి సందేహం కలుగవచ్చును. పురుగుల శరీరానికి మనకు వలె స్థిరమైన వేడిమి ఉండదు. చుట్టూ ఉన్న గాలి వేడెక్కితే అవి త్వరగా పెరుగుతాయి, చల్లబడితే నెమ్మదిస్తాయి. మొక్కలదీ అదే స్వభావం. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు రెయోమూర్ 1735లోనే, పంట పక్వానికి వచ్చే కాలాన్ని రోజులతో గాక అది పొందిన వేడిమి మొత్తంతో లెక్కించవచ్చునని సూచించాడు. అంతేకాదు, పురుగుకు తిండి కావలెను. లేతకాడలో మాత్రమే గుడ్లు పెట్టగల పురుగు లేతకాడ వచ్చే వరకు కాచుకొని ఉంటుంది. టెంక గట్టిపడక ముందే లోపలికి చేరవలసిన పురుగు ఆ లోపలనే వస్తుంది. కనుక చెట్టును చదువగలిగినవాడు పురుగు రాకను కూడా ముందుగా తెలుసుకోగలడు.

ఈ చదువును శాస్త్రజ్ఞులు క్రమబద్ధం చేశారు. ఫ్రాన్సులో ఫ్లెకింజర్ 1948లో పండ్లచెట్ల మొగ్గ మొదలు పిందె వరకు గల దశలకు అక్షరాలతో గుర్తులు ఏర్పరచాడు. ధాన్యపు పైర్ల దశలకు అంకెలు ఇచ్చే పద్ధతిని హాలెండు శాస్త్రజ్ఞుడు జాడొక్స్, ఆయన సహచరులు 1974లో ప్రకటించారు. ఆ పద్ధతి విస్తరించి ఒక్కొక్క పంటకే వర్తిస్తూ వచ్చి, 2011లో మామిడికి కూడా అటువంటి పట్టిక వెలువడినది. అందులో మొగ్గ, ఆకు, కొమ్మ, పూగుత్తి, పూత, కాయ, పక్వం అనే దశలకు వేరు వేరు అంకెలు ఉన్నవి.

ఈ పద్ధతి ఎంత ఉపయోగకరమో మధ్యధరా సముద్ర తీరదేశాల ఆలివ్ తోటలు చక్కగా నిరూపిస్తున్నవి. అక్కడ ఆలివ్ చిమ్మట అనే చిన్న రెక్కల పురుగు సంవత్సరానికి మూడు తరాలు పెరుగుతుంది. ఒక తరం ఆకును తింటుంది, మరొక తరం పూమొగ్గను తింటుంది, మూడవ తరం పిందెలో ప్రవేశించి గింజను తొలిచి కాయను రాలుస్తుంది. ఒకే పురుగు చెట్టు దశను బట్టి మూడు వేషాలు వేస్తుందన్నమాట. అక్కడి రైతు ఆకుల కాలంలో దానిని చూచి బెదరిపోడు. పిందె కట్టే రోజులలో మాత్రం కన్ను తిప్పడు. ఆలివ్ కాయలను పాడుచేసే ఈగ అయితే కాయలో టెంక గట్టిపడే సమయానికి గాని గుడ్లు పెట్టడం మొదలుపెట్టదు. అందుచేత టెంక ముదరడమే అక్కడ కాపలాకు గుర్తు. మన మామిడిలోనూ ఇటువంటి గుర్తులే ఉన్నవి. వాటిని వరుసగా చూద్దాము.

కోత ముగిసిన పిమ్మట, ఆరుద్ర, పునర్వసు కార్తెల నాటికి, తోట మరల చిగురిస్తుంది. ఈ చిగురే ముదిరి రాబోయే ఏటి పూతకొమ్మ అవుతుంది. ఈ దశలో ఆకులను కలిపి గూడు కట్టే పురుగు, లేతకొమ్మను తొలిచే పురుగు కానవస్తాయి. గూళ్ళు కొద్దిగా ఉన్నప్పుడే దోటితో లాగి తగులబెట్టితే మందుతో పని పడదు. ఎండిన కొమ్మలు, ఒకదానికొకటి రాసుకొనే కొమ్మలు తీసివేసి చెట్టు నడుమకు ఎండ, గాలి సోకేటట్లు చేయవలసిన కాలమూ ఇదే. తేనెమంచు పురుగుకు నీడ, తేమ ప్రీతి. కమ్ముకొనిపోయిన పాత తోటలలో దాని బెడద అధికంగా ఉండడానికి కారణం ఇదే.

తరువాత చెట్టు విశ్రాంతి దశ. కొమ్మ చివరి మొగ్గ బిగిసి, పొలుసులు కప్పుకొని ఉంటుంది. ఈ రోజులలో తేనెమంచు పురుగు మాను బెరడు పగుళ్ళలో తలదాచుకొని ఉంటుంది. బియ్యపు గింజ కంటె చిన్నదై, తలవైపు వెడల్పుగా, తోకవైపు సన్నగా ఉండే పురుగు ఇది. చెట్టు కింద నిలబడి కొమ్మను కదిలిస్తే చిటపటమని ఎగిరి పడే చప్పుడు వినిపిస్తుంది. అది అక్కడ ఉన్నదని తెలుసుకోవడం అవసరమే. కాని పూత ఇంకా బయటపడక ముందు తోటంతా తడిపి మందు కొట్టడం చాలవరకు వృథా ప్రయాస.

అసలు అదను మొగ్గ ఉబ్బి, పొలుసులు విడి, పూగుత్తి కాడ బయటపడే సమయం. కోస్తా జిల్లాలలోనూ తెలంగాణములోనూ సాధారణంగా మార్గశిర, పుష్య మాసాలలో ఇది జరుగుతుంది. లేతకాడ కనిపించగానే దాగి ఉన్న పురుగులు బెరడు విడిచి పైకి వస్తాయి. ఆడపురుగు పూమొగ్గలలో, కాడలలో గాట్లు పెట్టి గుడ్లు చొప్పిస్తుంది. ఒక్కొక్కటి నూరు నుంచి రెండు వందల వరకు పెట్టగలదు. గుడ్డు పగిలి, పిల్లపురుగు పెరిగి, రెక్కలు వచ్చే సరికి రెండు మూడు వారాలు పడుతుంది. అనగా తొలి తరాన్ని మొగ్గ దశలో అడ్డగించకపోతే, పిందె కట్టే నాటికి దాని సంతానం తోటను ముంచెత్తుతుందన్నమాట. రసం పీల్చగా పూత మాడిపోతుంది. అవి విసర్జించే తియ్యని జిగురు ఆకుల మీద పడి, దాని మీద నల్లని మసి పెరుగుతుంది. పట్టణాలలో ఇంటి ముందరి మామిడిచెట్టు ఆకులు నల్లబడితే వీధిలోని పొగ పట్టినదని అనుకొనేవారు ఉన్నారు. ఆకును వేలితో తాకి చూడండి. జిగురుగా ఉంటే ఆ నలుపు పురుగు పుణ్యమే.

కనుక తొలి మందుకు సమయం పూగుత్తి కాడ బయటికి వచ్చి, పూవులు ఇంకా విచ్చని దశ. అప్పుడు కూడా లెక్క చూడకుండా కొట్టవలసిన పని లేదు. గుత్తికి అయిదు పురుగులకు మించి కనిపిస్తున్నవా అని చూచుకోవలెను. కొట్టినప్పుడు మందు చెట్టు పైతొడుగును మాత్రమే తడిపితే చాలదు. పురుగు దాగే లోపలి కొమ్మలు, మాను కూడా తడవవలెను.

పూవులు పూర్తిగా విచ్చిన తరువాత పిచికారీ యంత్రాన్ని కొట్టంలో పెట్టివేయవలెను. ఈ మాట కొందరు రైతులకు రుచించదు. కళ్ళ ఎదుట పురుగు ఎగురుతూ ఉంటే చేతులు కట్టుకొని కూర్చోవడం ఎట్లాగని అడుగుతారు. కాని ఆ పూతలో ఏమి జరుగుతున్నదో ఆలోచించండి. ఒక్కొక్క గుత్తిలో వందలు, ఒక్కొక్కప్పుడు వేల పూవులు ఉంటాయి. వాటిలో చాలా భాగం మగపూవులు. కాయ కాగల ద్విలింగ పుష్పాలు కొన్ని మాత్రమే. ఆ కొన్నిటికి పుప్పొడిని చేర్చేవి రకరకాల ఈగలు, తేనెటీగలు. మామిడిపూవుకు ఈగ చేసే ఉపకారం తేనెటీగ చేసే దానికి తీసిపోదు. పూత నిండుగా ఉన్న రోజున కొట్టిన మందు ఈ కూలి అడగని పనివాళ్ళను చంపుతుంది. పూత బ్రహ్మాండంగా వచ్చి పిందె పట్టలేదని విచారించే తోటలలో దీని పాత్ర ఎంతో విచారించుకోవలసి ఉన్నది. చలి, మబ్బు, బూడిద తెగులు కూడా పిందె పట్టకపోవడానికి కారణాలే. కాని వాటిలో మన చేతిలో ఉన్నది తక్కువ. మందు మాత్రం పూర్తిగా మన చేతిలోని పని.

పూరేకులు రాలి, పిందె ఆవగింజ దాటి బఠాణీ గింజ అంత అయినప్పుడు రెండవ అదను. ఈగలు, తేనెటీగలు తమ పని ముగించి వెళ్ళి ఉంటాయి. తేనెమంచు పురుగు రెండవ తరం ఇంకా ఉన్నట్లయితే అప్పుడు మరొకసారి కొట్టవచ్చును. మొదటిసారి వాడిన మందునే తిరిగి తిరిగి వాడకుండా వేరొక తరగతి మందును వాడడం మంచిది. ఎల్లప్పుడు ఒకే మందు వాడితే దానికి చావని పురుగులే మిగిలి సంతతిని పెంచుకుంటాయి.

పిందె గోలీకాయ అంత అయ్యే నాటికి శత్రువు మారుతుంది. టెంకపురుగు పెద్దది మాను పగుళ్ళలో నుంచి వచ్చి లేతపిందె తొక్క మీద గుడ్లు పెడుతుంది. పిల్లపురుగు గుజ్జు గుండా దారి చేసుకొని, గట్టిపడని టెంకలోకి చొచ్చుకొనిపోతుంది. కాయ పెరిగేకొద్దీ ఆ దారి పూడిపోతుంది; పైకి మచ్చ కూడా కనిపించదు. పండు కోసినవారికి టెంకలో నల్లని పురుగు దర్శనమిస్తుంది. సంవత్సరానికి దీనికి ఒకటే తరం. కాబట్టి దీనిని అడ్డగించదలచితే టెంక ముదరక ముందే అడ్డగించవలెను. టెంక ముదిరిన తరువాత పోసిన మందు నేలపాలే. ఆ తరువాత మిగిలిన ఉపాయం రాలిన కాయలను, తిని పారవేసిన టెంకలను పోగుచేసి నాశనం చేయడం. దీనికి ఖర్చు లేదు, ఇంటిల్లిపాది చేయగల పని.

కోస్తా ఆంధ్రములో కాయతొలుచు పురుగు బెడద కూడా ఉన్నది. పిందె నిమ్మకాయ అంత అయ్యే దశ నుంచి ఇది కాయ ముక్కు వైపున రంధ్రం చేసి లోపలికి పోతుంది. ఎరుపు, తెలుపు పట్టీలు గల పురుగు. రంధ్రం నుంచి కారిన సొన ముక్కు వరకు చారగా ఎండి ఉంటే అదే దాని గుర్తు. ఒకసారి లోపలికి పోయిన పురుగును మందు చేరలేదు. ఉగాది పచ్చడిలోకి పిందెలు కోసుకొనే రోజులలోనే చెట్టు కింద రాలిన కాయలను తిప్పి ముక్కు వైపు చూస్తే దీని రాక తెలిసిపోతుంది. అటువంటి కాయలను వెంటనే ఏరి తగులబెట్టడమో, లోతుగా పాతిపెట్టడమో చేయవలెను.

చివరిది పక్వదశ. కాయ బుగ్గలు తేరి, తొక్క లోపల గుజ్జు రంగు తిరుగుతున్నప్పుడు పండుఈగ వస్తుంది. తొక్క కింద గుడ్లు పెట్టుతుంది. పురుగులు గుజ్జును తిని, రాలిన పండుతో నేలకు చేరి, మట్టిలో కోశస్థ దశ గడిపి మళ్ళీ ఈగలై లేస్తాయి. కోతకు వచ్చిన కాయ మీద విషం చల్లడం తినేవారికి ద్రోహం. ఇక్కడ మన దేశంలోనే బయటపడిన ఒక ఉపాయం అక్కరకు వస్తున్నది. బీహారులోని పూసా పరిశోధనాలయంలో పనిచేసిన హౌలెట్ అనే కీటక శాస్త్రజ్ఞుడు సిట్రొనెల్లా తైలపు వాసనకు మగ ఈగలు మూగడం గమనించి 1912లో ప్రకటించాడు. మిథైల్ యూజినాల్ అనే ద్రవ్యం వాటిని ఆకర్షిస్తుందని 1915లో తెలిపాడు. నేడు తోటలలో వేలాడదీసే పండుఈగ ఎరలలో వాడేది ఆ ద్రవ్యమే. మగ ఈగలు తరిగిపోతే ఆడ ఈగ గుడ్లు ఫలించవు. కాబట్టి ఎరను పండు పండిన తరువాత కట్టితే ప్రయోజనం లేదు. కోతకు నెలన్నర, రెండు నెలల ముందే, కాయ ఇంకా గట్టిగా పచ్చిగా ఉన్నప్పుడే కట్టవలెను. ఇక్కడ కూడా చెట్టు దశయే గుర్తు.

ఈ చివరి దశలోని అజాగ్రత్త ఒక్క తోటతో పోదు. ఐరోపా సమాఖ్య 2014 మే నెలలో మన దేశపు మామిడి పండ్లను నిషేధించినది. కారణం సరుకులో పండుఈగ కనిపించడం. ఆ నిషేధం 2015లో తొలగినది. అమెరికా విపణి మన మామిడికి పదునెనిమిది సంవత్సరాల తరువాత 2007లో తెరచుకొన్నది. పండ్లలో పురుగు మిగలకుండా కిరణప్రసారంతో శుద్ధి చేసి పంపవలెననే షరతు మీద. ఒక పండులో దాగిన పురుగు ఓడరేవు చేరే సరికి దేశంలోని మామిడి రైతులందరి సమస్య అవుతున్నది.

ఇప్పుడు ఒక చిక్కు. మన ప్రాంతంలో అనేక తోటలను పూత మీదనో పిందె మీదనో వ్యాపారులకు పాటకు ఇస్తారు. పాట పాడినవాడికి ఆ ఒక్క కాపు ముఖ్యం. ధర చెల్లించిన భయంతో అతడు వారం వారం మందు కొట్టిస్తాడు. పూత విచ్చినదా లేదా అని చూడడు. ఆ మందుతో సాలెపురుగులు, అక్షింతల పురుగులు మొదలైన మిత్రకీటకాలు నశించి, మరుసటి ఏట తోట యజమాని వేరొక పురుగుతో పోరాడవలసి వస్తుంది. ఒకప్పుడు ఎల్లరూ తిరుగులేని దనుకొన్న డి.డి.టి.ని వ్యవసాయంలో వాడకుండా మన ప్రభుత్వం 1989లో నిషేధించినది. అటు తరువాత మరికొన్ని మందులకూ అదే గతి పట్టినది. మందు పేరు మారవచ్చును, అదను మారదు. కనుక పాట వ్రాసుకొనేటప్పుడే, పూత విచ్చిన రోజులలో మందు కొట్టకూడదనీ, కోతకు ముందు మందు డబ్బా మీద వ్రాసిన గడువును పాటించవలెననీ ఒక షరతు చేర్చుకోవడం యజమాని హక్కు. ఏ మందు, ఎంత మోతాదు అనే విషయంలో ఆ సంవత్సరం అమలులో ఉన్న సిఫారసును ఉద్యానశాఖాధికారులను అడిగి తెలుసుకోవలెను.

చెట్టును చదవడానికి పెద్ద చదువు అక్కరలేదు. తోటలో నాలుగు మూలలా, నడుమా కలిపి పది చెట్లకు గుర్తు పెట్టుకోండి. రకాలు వేరైతే ఒక్కొక్క రకానికి కొన్ని చెట్లు. మార్గశిరం ప్రవేశించినది మొదలు మూడు రోజులకు ఒకసారి, ఉదయం పూట, ఒక్కొక్క చెట్టుకు నాలుగు వైపులా ఒక్కొక్క కొమ్మను చూడండి. మొగ్గ బిగిసి ఉన్నదా, ఉబ్బినదా, కాడ సాగినదా, పూవు విచ్చినదా, పిందె ఎంత అయినది, పురుగులు ఎన్ని అని ఒక పుస్తకంలో వ్రాయండి. బడికి పోయే పిల్లవాడు ఈ పని చక్కగా చేయగలడు. చూచిన కొమ్మలలో ఎక్కువ భాగం ఏ దశలో ఉంటే అదే తోట దశ. ఒక రకం పూత విచ్చి, మరొక రకం మొగ్గలో ఉన్నట్లయితే మొగ్గలో ఉన్న చెట్లకే మందు కొట్టవలెను. ఒకే చెట్టు విడతలుగా పూస్తే, విచ్చిన పూత ఎక్కువగా ఉన్నంత కాలం ఆగడమే మేలు. తప్పనిసరి అయినప్పుడు ఈగలు, తేనెటీగలు తిరగని సాయంకాలం వేళ ఎంచుకొనవలెను.

పెరటిలో ఒక్క చెట్టు మాత్రమే ఉన్న గృహస్థులకు మందు అవసరమే తక్కువ. కొమ్మలు పలచన చేయడం, రాలిన కాయలను ఏరివేయడం, కాయలు నిమ్మకాయ అంత దాటిన తరువాత అందినంతవరకు కాగితపు సంచులు తొడగడం, ఒక ఎర వేలాడదీయడం, వీటితో చాలవరకు ఇంటికి సరిపడే మంచి పండ్లు దక్కుతాయి.

ఇట్లా రెండు మూడు సంవత్సరాలు వ్రాసిన పుస్తకం రైతు ఇంట ఉంటే, తన తోటలో ఏ వానకు ఎన్ని రోజులకు మొగ్గ కదులుతుందో, ఏ చలికి పూత విచ్చుతుందో అతనికే అందరికంటె బాగా తెలుస్తుంది. రేడియోలో మేము వాతావరణం చెప్పగలము, రోగలక్షణాలు చెప్పగలము, శాస్త్రజ్ఞుల సలహా చేరవేయగలము. మీ తోటలోని మొగ్గ ఈ ఉదయం ఎట్లా ఉన్నదో చూడవలసినది మాత్రం మీరే. ఈ మార్గశిరంలో మందుల దుకాణానికి బయలుదేరే ముందు ఒకసారి తోటలోకి వెళ్ళి, పది చెట్ల కొమ్మలు వంచి చూడండి.